ఎర్ర మఫ్లరాయన పేరిట

నిన్న మధ్యాహ్నం మా దుకాణంలో, అరచేయంత ఫోను తెర మీద, ఒక డ్రోను చప్పుడు లేకుండా కాలి రాలిపోయింది. కొత్త ఫ్రేము ఎంచుకోవడానికి వచ్చిన లెక్చరరు ఒకాయన అద్దం ముందు నిలబడి నిలబడి విసిగిపోయి, ఫోను నా ముందుకు చాపాడు. "ఇది సూడండి మేడమ్. గుండు లేదు, మందు లేదు. వట్టి లైటే!" అన్నాడు. నీలాకాశంలో గద్దంత డ్రోను ఎగురుతోంది. కింద ఎక్కడో ఒక బండి మీద నుంచి లేజరు దాని మీద నిలిచి ఉందట. ఆ వెలుగు మన కంటికి కనబడదు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దాని రెక్క మొదట్లో ఒక తెల్లటి చుక్క పుట్టింది. సన్నగా పొగ లేచింది. అది పక్కకు ఒరిగి, ఎండుటాకులా తిరుగుతూ కిందికి వచ్చేసింది. శబ్దం తగ్గించి పెట్టారేమో అనుకుని అడిగాను. "సౌండే ఉండదు మేడమ్, అదే దాని గొప్ప" అని ఆయన నవ్వాడు.

అప్పుడు నా చేతిలో లెన్సులు తుడిచే గుడ్డ ఉంది. దాని మీది స్పిరిటు చల్లగా ముక్కుకు తగులుతోంది. ఆ వాసన, ఆ శబ్దం లేని చుక్క రెండూ ఒక్కసారిగా కలిసేసరికి నాకు వెంకటరమణప్ప సారు పక్కనే వచ్చి నిలబడినట్టయింది. పుంగనూరులో ఈ కళ్ళద్దాల దుకాణం పెట్టింది ఆయనే. నా చేతులకు పని నేర్పిందీ ఆయనే. మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చారు కాబట్టి ఊళ్ళో అందరికీ ఆయన మిలిట్రీ రమణప్ప. నాకు మాత్రం సారు. ఆయన్ని ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలని చాలా రోజులుగా ఉంది. లెక్చరరుగారు వెళ్ళిపోయారు. పరదా వెనక పరీక్ష గదిలో ఒక ముసలామె కూర్చుని నా కోసం ఎదురు చూస్తోంది. ఆమె దగ్గరికి వెళ్ళే ముందు నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ కాసేపట్లో మనసులో తిరిగినదే ఇదంతా.

మాది మదనపల్లె. టమోటా మార్కెట్టు యార్డుకు దగ్గరలో నాన్నకు చిన్న కిరాణా అంగడి ఉండేది. నన్ను బడిలో వేశారు గానీ, నల్లబల్ల మీద రాసింది నేను ఎప్పుడూ చదివి చెప్పలేదు. చదువు రాదేమో, మొద్దు పిల్లేమో అని బడిలో అన్నారు. నాన్న నమ్మారు. అమ్మ నమ్మలేదు. నన్ను ఇంటికి తెచ్చేసుకుంది. వంటింటి గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసేది. నేను ముక్కు ఆనించి చదివేదాన్ని. అన్నం ఉడికే లోపల లెక్కలు, పప్పు ఉడికే లోపల పద్యాలు, పొద్దు వాలాక దీపం ముందు స్తోత్రాలు. పదో తరగతి పరీక్ష కూడా ఇంట్లోనే చదివి రాసి గట్టెక్కాను. అంత ప్రేమగా చదువు చెప్పిన అమ్మకు కూడా, నేను గోడకు అంత దగ్గరగా ఎందుకు జరుగుతున్నానన్న అనుమానం రాలేదు. ఆమె కళ్ళూ అంతే అయి ఉంటాయి. లోకం అందరికీ అలాగే, నీళ్ళలోంచి చూసినట్టు అలుక్కుపోయి ఉంటుందనుకున్నాం ఇద్దరం.

పెళ్ళయి పుంగనూరు వచ్చిన కొత్తలో, మా అత్తకు అద్దాలు మార్పించడానికి సారు దుకాణానికి తీసుకువెళ్ళాను. ఆయన అత్తను కూర్చోబెట్టి, నేను గోడ మీది అక్షరాల అట్ట దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించి చూడడం గమనించారు. "ఏమ్మా, ఈడికొచ్చి నిలబడి చదువు" అన్నారు, వాకిలి చూపిస్తూ. "ఆడి నుంచి ఎట్ల కనపడతాది సార్?" అన్నాను. ఆయన అత్త వైపు తిరిగారు. "అమ్మా, నీకు మళ్ళా సూస్తాలే. అద్దాలు ముందు నీ కోడలికి కావాల" అన్నారు. ఒక్కొక్క అద్దం బిళ్ళే మారుస్తూ, ఇది బాగుండాదా, ఇది బాగుండాదా అని విసుగు లేకుండా అడిగారు. కొన్నాళ్ళకు అద్దాలు వచ్చాయి. పెట్టుకుని వాకిట్లోకి వచ్చి తల ఎత్తాను. వీధి చివర గుడి గోపురం ఉంది. దాని మీది బొమ్మలకు ముఖాలున్నాయి. నేను రోజూ చేతులెత్తి మొక్కే గోపురం అది. అన్నాళ్ళూ వాళ్ళు నన్ను చూస్తున్నారు, నేనే వాళ్ళను చూడలేదు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. "ఇన్నాళ్ళు నా మొగం సూడకుండానే నాకు అన్నం పెడ్తాంటివా?" అంది మా అత్త. "సూసినాక బయపడి మానేస్తాదేమో, జాగర్తమ్మా" అన్నారు సారు. అత్త ఆయన్ని తిట్టింది, నవ్వింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఆయనతో మాట్లాడి సారు నన్ను దుకాణంలో పనికి పెట్టుకున్నారు. పదో తరగతి తప్ప ఈ పనికి చదివిన సర్టిఫికెట్టు ఏదీ లేదని చెప్పాను. "కనపడకుంటే ఎట్లుంటాదో నీకు తెలుసు గదా. మిగతాది నేను నేర్పిస్తా" అన్నారు. నేర్పించారు. ఫ్రేముకు మర బిగించడం, కొలత ప్రకారం లెన్సు అంచు అరగదీయడం, వచ్చిన మనిషి ముక్కును బట్టి కాడ వంచడం. తర్వాత కుప్పంలో కొన్ని నెలల శిక్షణకు కూడా పంపించారు. అయితే అన్నిటికంటే ముఖ్యమైన పనిని ఆయన దుకాణంలోనే, ఒక విచిత్రమైన పద్ధతిలో నేర్పారు. అక్షరాలు చదవలేని వాళ్ళు, మాట సరిగా చెప్పలేని పెద్దవాళ్ళు, చంటి బిడ్డలు వచ్చినప్పుడు, చీకటి గదిలో కంట్లోకి సన్నటి వెలుగు పంపి చూడాలి. రెటినోస్కోపు అంటారు దాన్ని, చిన్న టార్చి లాగే ఉంటుంది. వెలుగు పడగానే కంటిపాపలో ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. మన వెలుగు జరిపితే ఆ మెరుపు ఎటు జరుగుతుందో చూసి, అద్దం ఎంత కావాలో తెలుసుకోవాలి. అదంతా ఆయనకు బాగా తెలుసు. రిటైరయ్యాక బెంగుళూరులో కోర్సు చేసి వచ్చారు. కానీ ఆయన ఎవరి కంట్లోనూ ఆ వెలుగు పెట్టరు. పరికరం సొరుగులో పడి ఉండేది.

నాకు నేర్పడానికి ఆయనే రోగి కుర్చీలో కూర్చునేవారు. "నా కంట్లో పెట్టు. ఊ, ఇప్పుడు కుడికి జరుపు. ఎర్రది నీ లైటుతో పాటు పోతాండాదా, ఎదురు పోతాండాదా?" అని అడిగేవారు. నేను తప్పు చెబితే, "సరే, మళ్ళా" అని కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చునేవారు. ఆయన కళ్ళు నీళ్ళు కారేవి, ఎర్రబడేవి. నాకు జాలేసి ఆపేస్తే, "నాకేం గాదులే, పెట్టు" అనేవారు. కొన్నాళ్ళకు నాకు చెయ్యి తిరిగింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా, "సరోజమ్మా, నువ్వు లైటు పెట్టమ్మా" అని, ఆయన పరదా ఇవతలికి వచ్చేసేవారు. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? పాల కేంద్రం పెద్దాయన ఒకరు ప్రతిసారీ తగులుకునేవాడు. "ఏమప్పా మిలిట్రీ, తుపాకి పట్నోడివి, టార్చి పట్టుకోలేవా?" అని. "తుపాకి పట్టుకోమని వాళ్ళు నాకు జీతమిచ్చినారు. టార్చి పట్టుకోమని నేను ఈయమ్మకు ఇస్తాండా. ఎవురి పని వాళ్ళది" అనేవారు సారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను గానీ, వయసు మీదపడి చెయ్యి వణుకుతుందేమో, అందుకే పట్టుకోరేమో అనుకున్నాను. ఒకరోజు మర బిగిస్తూ మెల్లగా అడిగేశాను కూడా. సారు తన కుడి చేతిని బల్ల మీదుగా గాలిలోకి చాపారు. ఆ చెయ్యి చెక్కతో చేసినట్టు అలాగే నిలిచింది. "వణకదు సరోజమ్మా. అదే నా బాధ" అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగలేదు.

కార్తీకంలో ఒక సోమవారం పొద్దున, శివాలయంలో వరసలో నా ముందు ఆయన నిలబడి ఉన్నారు. నేను వెనకున్నట్టు ఆయన చూడలేదు. అర్చకస్వామి పళ్ళెం అందుకుని, "పేరు?" అన్నారు.

"తెలీదు సామీ."

"నీ పేరు తెలీదా రమణప్పా?"

"నాది కాదు సామీ, వేరే ఆయనది. గోత్రం గూడా తెలీదు."

"గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రమని చెప్తాం, దానికేముంది. పేరు లేకుండా ఎట్లప్పా? ప్రతి ఏడాదీ వచ్చి ఇదే కథ చెప్తావు. పోయినాయనేనా? పోయిన వాళ్ళకు అర్చన చేయరు, దీపం పెట్టుకో అని అప్పుడే చెప్తి గదా."

"పోయినాడని నేను సూడలే సామీ. పొగ పోయినాక ఆడ ఏమీ కనపళ్ళే. బతికుండాడనే చెయ్యండి."

స్వామి కాసేపు ఆయన ముఖంలోకి చూశారు. "గుర్తేమన్నా ఉండాదా మనిషికి?" అన్నారు మెత్తగా.

"ఎర్ర మఫ్లరు."

స్వామి లోపలికి వెళ్ళారు. మంత్రంలో పేరు చెప్పవలసిన చోట ఒక్క క్షణం ఆగి, "అజ్ఞాత నామధేయస్య" అని అందుకున్నారు. అజ్ఞాత నామధేయం అంటే పేరు తెలియని మనిషి. తీర్థం పుచ్చుకుని తిరిగినప్పుడు సారు నన్ను చూశారు. "ఆయన దేవుడు వేరేమోనమ్మా. అయినా మొక్కేది నేను గదా, నా దేవునికే మొక్కాల" అన్నారు, నేను అడగకుండానే. ఆ ఎర్ర మఫ్లరాయన ఎవరో మాత్రం చెప్పలేదు.

అది తెలిసింది నా కంటి మీదికి ఆపద వచ్చిన రోజే. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఫ్రేముకు మర పెడుతుంటే, నా కుడి కంటి మూల మెరుపు మెరిసింది. తల తిప్పితే మళ్ళీ మెరిసింది. ట్యూబులైటు అనుకున్నాను. ఇంకాసేపటికి, పొయ్యి పైనుంచి మసి రాలినట్టు, నల్లటి తునకలు కళ్ళ ముందు కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఎంత తుడిచినా పోలేదు. భయమేసి చెప్పాను. సారు ముఖం మారిపోయింది. ఇంత దట్టమైన అద్దాలు పెట్టుకునే వాళ్ళకు కంటి లోపలి పొర పలచబడి, ఒక్కొక్కసారి చిరుగుతుందని, చిరిగి ఊడితే చూపు పోతుందని, ఎప్పుడో నాకు ఆయనే చెప్పారు. ఇద్దరికీ ఆ మాటే గుర్తొచ్చింది. ఆ కన్ను పోతే నాకు పని లేదు. ఇంకో కంటికి ఎప్పుడేమవుతుందో తెలియదు. నేను మళ్ళీ గోడకు ముక్కు ఆనించే పిల్లనైపోతాను. ఏదో దుమ్ము పడిందని ఇంటికి పంపాలా, పరుగెత్తాలా అన్నది తెలుసుకోవాలంటే ఎవరైనా కంట్లోకి చూడాలి. లైటు పట్టేదాన్ని ఆ దుకాణంలో నేనొక్కదాన్నే. నా కంట్లోకి నేను చూసుకోలేను కదా.

సారు సొరుగు తెరిచారు. పరికరం చేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. నేను ఆయన కుర్చీలో, ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, కూర్చున్నాను. చీకటి గదిలో ఆయన ఊపిరి వినబడుతోంది.

"సరోజమ్మా."

"సార్."

"నేను లైటు పెడతాండా. నీ కుడి కంట్లో. తెలిసిందా?"

"తెలిసింది సార్."

"వొద్దంటే చెప్పు, తీసేస్తా."

"పెట్టండి సార్" అన్నాను. ఆయన అడిగిన తీరు గుళ్ళో అనుమతి అడుగుతున్న మనిషిలాగా ఉంది. వెలుగు పడింది. ఆ చెయ్యి నిజంగానే వెంట్రుకవాసి కూడా కదలలేదు. కాసేపటికి ఆర్పేసి, "ఎర్రదాంట్లో మసి తేలతాండాది. ఇది మనం తేల్చేది కాదు. కుప్పానికి పోదాం, ఇప్పుడే" అన్నారు. కుప్పం ఆసుపత్రిలో ఆ రోజు కంటి లోపలి పొర చూసే డాక్టరమ్మ ఉంటారని ఆయనకు తెలుసు.

మదనపల్లె మార్కెట్టులో టమోటా దించి తిరిగి పోతున్న వ్యాను ఒకటి ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి ఉంది. డ్రైవరు చిన్నప్పది సారు సొంత ఊరే, శాంతిపురం పక్కన. మా ఆయనకు ఫోను చేసి చెప్పి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, సారు పక్కనే కూర్చున్నారు. "చిన్నప్పా, గుంతల్లో దబదబ ఏసేవు. కోడిగుడ్లు తోలినట్ల తోలు" అన్నారు. "టమోటా తోలే వోనికి అది నువ్వు చెప్పల్నా సారూ?" అన్నాడతను. వ్యానంతా పులిసిన టమోటా వాసన. నన్ను కళ్ళు మూసుకోమన్నారు. మూసుకుంటే భయం రెట్టింపయింది. అది ఆయనకు తెలిసినట్టుంది. పలమనేరు దాటాక, నా భయం మరిపించడానికో, తన బరువు దించుకోవడానికో, చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆ కథను కళ్ళు మూసుకునే విన్నాను. అందుకే అది చూసినట్టే గుర్తుంది.

"మంచు కొండలమ్మా. పైన వాళ్ళుండారు, కింద మనోళ్ళు. పైన ఒక బంకరు. ఆడి నుంచి కాలుస్తాంటే ఒక్కడు గూడా పైకి ఎక్కే దారి లేదు. నాకిచ్చింది తుపాకి కాదు. మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద దుర్భిణి మాదిరి ఒకటి. దాంట్లోంచి లేజరు పోతాది. కంటికి కనపడదు. దాన్ని ఆ బంకరు మీద నిలబెట్టాల. యాడనో వెనక నుంచి ఫిరంగి పేలస్తారు. ఆ గుండు నా వెలుగును ఎతుక్కుంటా వచ్చి దాని మీదనే పడతాది. అది వచ్చే దాంకా నేను కదలగూడదు. నా వెలుగు జరిగితే గుండు గూడా జరుగుతాది."

చిన్నప్ప గేరు మార్చాడు.

"అద్దంలో సూస్తాండా. బంకర్లోంచి ఒకాయన బయటికొచ్చినాడు. ఎర్ర మఫ్లరు. చేతిలో గలాసు. టీ కావచ్చు. ఎండ అప్పుడే కొంచెం వచ్చింది. ఆయన ఎండకు మొగం పెట్టి కండ్లు మూసుకున్నాడు. సలికాలం పొద్దున మన వీధుల్లో గూడా అట్లే గదా నిలబడేది. బంకరు మీద పెట్టిన నా వెలుగు ఇప్పుడు ఆయన ఎద మీద ఉండాది. ఆయనకు తెలీదు. తగిలినా తెలీదు. అంతా ఎండే అనుకున్నాడేమో."

"చెయ్యి తీసేయబుద్ధి కాలేదా సార్?" అన్నాను.

"కింద ఎక్కాల్సిన మనోళ్ళ పేర్లన్నీ నాకు తెలుసమ్మా. ఎవురికి ఎంతమంది బిడ్డలో గూడా తెలుసు. ఆయన పేరొక్కటే తెలీదు. చెయ్యి వణకలే. మనోళ్ళు పైకి చేరినారు. అందరూ నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. తప్పు చేసినానని నేను అనుకోలే సరోజమ్మా. మళ్ళా ఆడ నిలబెడితే మళ్ళా అదే చేస్తా. కానీ ఒక మనిషి మీద ఆయనకు తెలీకుండా వెలుగు పెట్నాను గదా. ఆ పొద్దు నుంచి ఎవురి మొగం మీదా లైటు పెట్టలేక పోయినా."

చిన్నప్ప దారి వైపే చూస్తూ, ముంజేతితో కళ్ళు తుడుచుకున్నాడని తర్వాత సారే చెప్పారు. నాకప్పుడు తెలిసింది, ఆ దుకాణంలో నాకు దొరికిన పని, నా అన్నం, నాలుగిళ్ళలో నాకున్న మర్యాద అన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో. ఆయన పట్టుకోలేని లైటే నా చేతికి వచ్చింది. ఎక్కడో ఒక మంచుకొండ మీద ఎండ కాచుకున్న, ముఖం తెలియని మనిషికి నేను ఇంత బాకీ ఉన్నానా అనిపించింది. దేవుడు ఒకరి దుఃఖాన్ని ఇంకొకరి జీవనంగా మార్చే తీరు నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దండం పెట్టడం తప్ప చేయగలిగింది లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పరీక్ష చేసి, "పొరలో చిన్న చిరుగు పడింది. అదృష్టం, ఇంకా ఊడలేదు. చుట్టూ లేజరు పెట్టి అతికిస్తాం. ఈరోజే" అన్నారు. ఆ మాట వినగానే నేను సారు వైపు తిరిగాను. ఆయన గోడ పట్టుకున్నారు. తర్వాత చేతులు జోడించి, "అమ్మా, ఆయమ్మకు చెప్పి పెట్టండి" అన్నారు. "చెప్పకుండా ఎలా పెడతాం అంకుల్?" అని ఆమె నవ్వారు. ఆ నవ్వుకు ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. లోపల గడ్డం ఆనించి కూర్చున్నాను. డాక్టరమ్మ "ఇప్పుడు పెడుతున్నాను" అని ప్రతిసారీ చెప్పారు. పచ్చటి మెరుపు, మళ్ళీ పచ్చటి మెరుపు. కొంచెం సూది పొడిచినట్టు. నేను అమ్మ నేర్పిన స్తోత్రం మనసులో చెప్పుకున్నాను. మధ్యలో ఆ ఎర్ర మఫ్లరాయనా వచ్చి నిలబడ్డాడు, కళ్ళు మూసుకుని. నాకు చెప్పారు, ఆయనకు చెప్పలేదు. అంతే తేడా అనిపించి, ఆయన కోసం కూడా రెండు మాటలు కలుపుకున్నాను.

బయటికి వస్తే సారు గ్లాసులో మజ్జిగ పట్టుకుని నిలబడి ఉన్నారు. "అదే వెలుగా సార్?" అన్నాను. "అదే జాతి. ఆడ అట్లా, ఈడ ఇట్లా" అన్నారు. "ఇన్నేండ్లకు ఆ లేజరు పేరు చెవిన పడితే కడుపులో సల్లంగా ఉండాదమ్మా. తాగు."

కన్ను నిలిచింది. కొన్ని వారాలు వంగకూడదని, బరువు ఎత్తకూడదని ఇంట్లో ఉండిపోయాను. దుకాణానికి జనం వస్తూనే ఉన్నారు. ఒకరోజు మా అత్త బజారు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే చెప్పింది. "మ్మేయ్ సరోజా, మీ సారు లైటు పెడ్తాండాడు! ముందర పేరడుగుతాడు. సంబంధానికి వచ్చినోళ్ళను అడిగినట్ల, మర్యాదగా. అడిగి, ఫలానా కంట్లో పెడతాండా, తెలిసిందా అంటాడు. అవునంటే గానీ పెట్టడు. ఆ పాల కేంద్రం వోనికి గూడా పెట్నాడు. ఆ నోటి దురద వోడు కిక్కురుమనలే!" నేను దేవుడి గూట్లో దీపం పెట్టి వచ్చి, ఆ మాట అత్త చేత మళ్ళీ చెప్పించుకున్నాను. తిరిగి పనిలో చేరాక చీకటి గది మా ఇద్దరిదీ అయింది. పెద్దవాళ్ళను ఆయన చూసేవారు. చంటి బిడ్డలను నాకు వదిలేవారు. "బిడ్డలను తెలిసిందా అంటే ఏం చెప్తారు? వాళ్ళమ్మను అడిగి పెట్టు" అని నాకు కట్టుబాటు చేశారు.

చివరి రోజుల్లో, యుద్ధాల్లో లేజరుతో డ్రోన్లను కూల్చడం గురించి టీవీలో తరచు వచ్చేది. సారు ముందుకు వంగి చూసేవారు. "మంచిదే. డ్రోనుకు అమ్మ లేదు, ఆలి లేదు. దాన్ని కాలిస్తే కిందుండే వాళ్ళు బతుకుతారు" అన్నారొకసారి. కాసేపటికి ఆయనే మళ్ళీ అన్నారు. "దాన్ని తోలేవోడు యాడనో గదిలో కూసోనుంటాడు. దీన్ని కాల్చేవోడు ఇంకో గదిలో. రేపు మనుషుల మీదికి తిప్పినా వీళ్ళు ఒకరి మొగం ఒకరు సూడరు. నేను సూసినా సరోజమ్మా. సూసినా కాబట్టే ఇన్నేండ్లు అర్చన చేయిస్తాండా. సూడనోడు ఎవురికని చేయిస్తాడు?" టీవీలో వేరే వార్త వచ్చింది.

ఆ కార్తీకానికి ఆయన గుడి మెట్లు ఎక్కలేకపోయారు. మంచం మీద నుంచి, "ఈసారి నువ్వు పోయి చేయించమ్మా" అన్నారు. పేరు ఏం చెప్పాలని నేను అడగలేదు. అర్చకస్వామి కూడా అడగలేదు, పళ్ళెం తీసుకుని నా ముఖం చూసి, తానే మంత్రం అందుకున్నారు. కొబ్బరి ముక్క తెచ్చి ఇస్తే, సారు నమిలే ఓపిక లేక చెంపన పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కిటికీలోంచి ఆయన ముఖం మీద పొద్దుటి ఎండ పడుతోంది. పరదా వేద్దామని లేచాను. మళ్ళీ కూర్చుండిపోయాను. ఆ నెల దాటలేదు ఆయన.

ఇప్పుడు కార్తీక సోమవారం గుడికి వెళితే నాకు రెండు పనులు. పోయిన సారుకు దీపం. పోయాడో, ఉన్నాడో తెలియని ఆయనకు, ఉన్నాడనే, అర్చన. మొన్నటి కార్తీకంలో పెద్దస్వామి బదులు వాళ్ళబ్బాయి నిలబడి, "పేరు చెప్పందే ఎట్లమ్మా?" అన్నాడు. లోపలి నుంచి పెద్దస్వామి గొంతు వినిపించింది: "ఆయమ్మను అడగొద్దు నాయనా. కాశ్యప గోత్రం. పేరు నేను తర్వాత చెప్తా."

ఇదంతా మనసులో తిరిగేసరికి చేతిలో గుడ్డ ఆరిపోయింది. పరదా తీసి చీకటి గదిలోకి వెళ్ళాను. ముసలామె చీర చెంగు ఒళ్ళో పెట్టుకుని, గడ్డం ఎత్తి, నేను లేని వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"అవ్వా, నీ పేరేంది?"

"నా పేరుతో నీకేం పని తల్లీ, కండ్లు సూడు."

"చెప్పవ్వా."

"మునెమ్మ."

"మునెమ్మవ్వా, నేను లైటు పెడతాండాను. నీ కుడి కంట్లో. తెలిసిందా?"

"పెట్టమ్మా. వెలుగే గదా" అంది ఆమె, నవ్వుతూ.

ఆమె తల ఊపేదాకా ఆగాను.